యూనిఫాం విప్పిన తరువాత



జూలై 31వ తేదీన మనం లొయోలా పునీత ఇగ్నాసి వారి పండుగ జరుపుకుంటాము. ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, నెలల తరబడి మంచాన పడి, చివరకు తన కత్తిని మరియమాత పీఠం వద్ద వదిలిపెట్టిన సైనికుడాయన. అదే తేదీన, 1992లో, ఇంగ్లండులో మరొక సైనికుడు కన్ను మూశాడు. ఆయన పేరు లెనార్డ్ చెషైర్. మన దేశంలో ఎక్కడైనా చెషైర్ హోం అనే బోర్డు మీరు చూసి ఉంటే, ఆ పేరు ఈయనదే.

ఈ వారం ఆయనను గూర్చి రాయడానికి కారణం ఉంది. మన విచారణలలో సైన్యం నుండి, వైమానిక దళం నుండి పదవీ విరమణ చేసి వచ్చినవారు ఉన్నారు. కొందరు నలభై నిండకుండానే ఇంటికి వచ్చేస్తారు. మొదటి నెల చుట్టాలందరూ వచ్చి పలకరిస్తారు. ఆ తరువాత ఆ మనిషి తెల్లవారుజామున నాలుగింటికే లేచి వాకిట్లో తిరుగుతూ ఉంటాడు. అన్నం దగ్గర చిరాకు పడతాడు. పెన్షను వస్తోంది, ఇల్లుంది, ఇంకేం కావాలని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఒకరోజు భార్య గురువుల నివాసానికి వచ్చి, ఫాదర్ గారూ, మీరొకసారి ఆయనతో మాట్లాడండి అని కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. అటువంటి ఇళ్లలో ఈ కథ చదవాలని నా కోరిక.

చెషైర్ 1917లో పుట్టాడు. తండ్రి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో పేరుమోసిన న్యాయశాస్త్ర పండితుడు. కొడుకు కూడా అక్కడే న్యాయశాస్త్రం చదివాడు గానీ, మనసు పుస్తకాల మీద కన్నా వేగంగా పోయే కార్ల మీద, షికార్ల మీద ఎక్కువగా ఉండేది. చదువుకుంటూనే విమానం నడపడం నేర్చుకుని, 1939లో బ్రిటిష్ వైమానిక దళంలో చేరాడు. యుద్ధం మొదలైంది.

ఆయన నడిపింది బాంబర్ విమానాలు. ఆ దళంలో పనిచేసిన సుమారు 1,25,000 మంది విమాన సిబ్బందిలో 55,573 మంది చనిపోయారంటే అది ఎటువంటి ఉద్యోగమో మీరే ఊహించుకోండి. 1940 నవంబరులో కొలోన్ నగరం మీద ఆయన విమానానికి ఫిరంగి దెబ్బ తగిలింది. లోపల ఉన్న వెలుగుబాంబు పేలి నిప్పంటుకుంది, విమానం పక్కభాగం చీలిపోయింది. దానిని అలాగే నడుపుకుంటూ ఇంగ్లండు తెచ్చి దింపాడు. 25 ఏళ్లకే గ్రూప్ కెప్టెన్ అయ్యాడు. ఆ హోదాలో అంత చిన్నవాడు వైమానిక దళంలో అంతవరకు లేడు. కాని ఆ హోదా వస్తే కుర్చీలో కూర్చోవాలి, యుద్ధానికి ఎగరకూడదు. అందుకని ఒక మెట్టు దిగి మరీ 617వ స్క్వాడ్రన్ నాయకత్వం తీసుకున్నాడు.

1944 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని లిమోజ్ పట్టణంలో విమాన ఇంజన్లు చేసే కర్మాగారాన్ని కొట్టాలని ఆజ్ఞ వచ్చింది. రాత్రి షిఫ్టులో వందలాది ఫ్రెంచి స్త్రీలు అందులో పనిచేస్తున్నారు. చెషైర్ బాంబు వేయకుండా కర్మాగారం కప్పు మీదుగా మూడుసార్లు కిందికంటా ఎగిరాడు, వాళ్లు పరుగెత్తి తలదాచుకోవాలని. శత్రువుకు తనను గురిచూసే అవకాశం మూడుసార్లు తానే ఇచ్చాడన్నమాట. దేవుణ్ణి పెద్దగా పట్టించుకోని రోజుల్లో ఆయన చేసిన పని అది.

వంద దాడులు ముగిశాక, 1944 సెప్టెంబరులో ఆయనకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ పతకాన్ని సాధారణంగా ఒకానొక సాహస కార్యానికి ఇస్తారు. ఈయనకు మాత్రం నాలుగేళ్ల పాటు తగ్గకుండా నిలిచిన ధైర్యానికి ఇచ్చారు. సెమినరీలో తత్వశాస్త్రం చదువుకునే రోజుల్లో పునీత అక్వీనాసు తోమాసు వారి బోధ ఒకటి మా అందరికీ వింతగా అనిపించేది. ధైర్యానికి ముఖ్యమైన పని ఎదురెళ్లి కొట్టడం కాదు, ఓర్చుకుని నిలబడడం అని ఆయన అంటారు. కుర్రవాళ్లం, మాకు అది తలకెక్కలేదు. చెషైర్ జీవితం చదివాక ఎక్కింది.

ఇక నాగసాకి సంగతి. 1945 ఆగస్టు 9న ఆ నగరం మీద అణుబాంబు పడినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం తరఫున చూడడానికి పంపిన ఇద్దరిలో చెషైర్ ఒకరు. ఆయన ఎక్కిన విమానం దారిలో కలవవలసిన చోట మిగతావాటిని కలవలేకపోయింది. చాలా దూరం నుండి ఆ మేఘం లేవడం చూశాడు. ఆ మేఘం కింద ఉన్నది ఉరకామి, జపాను కతోలికుల పెద్ద విచారణ. మరియమాత మోక్షారోపణ పండుగ దగ్గర పడుతున్నందున ఆ ఉదయం కథెడ్రల్‌లో జనం పాపసంకీర్తనాలకు వచ్చి ఉన్నారు. వినే గురువులు, చెప్పుకునే విశ్వాసులు, ఎవరూ మిగలలేదు.

నేను చాలా ఏళ్లు ప్రసంగాలలో, నాగసాకి చూసి చెషైర్ గుండె పగిలింది, ఉద్యోగం మానేసి దేవుని వైపు తిరిగాడు అని చెబుతూ వచ్చాను. వినేవాళ్లకు కూడా అది బాగుండేది. కాని అది నిజం కాదు. తాను చేసిన యుద్ధం తప్పని ఆయన అనుకోలేదు. ఆ బాంబు యుద్ధాన్ని త్వరగా ముగించిందనే చివరిదాకా నమ్మాడు. ఈ విషయంలో నేను ఆయనతో ఏకీభవించలేను. నగరాలను ప్రజలతో సహా నాశనం చేయడాన్ని రెండవ వాటికన్ మహాసభ స్పష్టంగా ఖండించింది. కాని ఆయన జీవితాన్ని మన ప్రసంగానికి అనువుగా దిద్దుకునే హక్కు మాత్రం మనకు లేదు.

ఆయన 1946 జనవరిలో వైమానిక దళం వదిలింది ఆరోగ్యం చెడి. నరాలు పూర్తిగా అలసిపోయాయని వైద్యులు తేల్చారు. వయసు 28. దేశమంతా తెలిసిన పేరు. చేతిలో పని లేదు. తనలాగే యుద్ధం నుండి తిరిగివచ్చి దిక్కు తోచక ఉన్నవారు వేలల్లో ఉన్నారని గ్రహించాడు. యుద్ధంలో ఒకరికోసం ఒకరు బ్రతికినవాళ్లు శాంతికాలంలో ఒంటరివాళ్లయిపోతున్నారు. వాళ్లందరూ కలిసి బ్రతికేందుకు ఒక కాలనీ పెట్టాడు. దానికి లాటిన్‌లో వాడే ఇన్ పాచెం అని పేరు. లాటిన్ బైబిలులో ఇన్ పాచె అనే ఉంటుంది. మాకు లాటిన్ నేర్పిన గురువుగారైతే ఎర్ర సిరాతో కొట్టేసేవారు. వ్యాకరణం పట్టుకుని చూస్తే ఈయన పెట్టిన పేరుకు శాంతిలోనికి వెళ్లు అని అర్థం వస్తుంది. తెలిసి పెట్టాడో తెలియక పెట్టాడో గానీ, ఆ పేరు నాకు నచ్చింది.

కాలనీ నిలవలేదు. సైన్యంలో ఆజ్ఞ ఇస్తే పని జరిగేది. ఇక్కడ ఎవరి మాట ఎవరూ వినరు. లెక్కలు కుదరవు. ఆరోగ్యం కోసం ఆయన 1947లో కెనడా వెళ్లి తిరిగివచ్చేసరికి అప్పులు మిగిలాయి. హాంప్‌షైర్‌లో లె కోర్ట్ అనే పెద్ద పాత బంగళా, అందులో తాను. వంద దాడుల నుండి ప్రాణాలతో తిరిగివచ్చిన వీరుడు రెండేళ్లలో ఓడిపోయాడు. ఇంట్లో మీవాడు పెట్టిన కిరాణా కొట్టు మూతపడిందని, కొన్న ఆటో అమ్ముకోవలసి వచ్చిందని మీరు మాటలు అనే ముందు ఈ రెండేళ్లను కాస్త గుర్తు చేసుకోండి.

1948లో ఒక ఆసుపత్రి నుండి కబురు వచ్చింది. ఆర్థర్ డైక్స్ అనే మనిషి, ఆ కాలనీలో పందులను చూసుకునే పని చేసినవాడు, క్యాన్సరుతో పడి ఉన్నాడు. ఆసుపత్రి ఇక చేయగలిగింది లేదు. అతనికి ఇల్లు లేదు, రమ్మనేవాళ్లు లేరు. చావు దగ్గర పడిందన్న మాట అతనికి చెప్పవలసిన పని కూడా చెషైర్ మీదనే పడింది. చెప్పాడు. ఎక్కడా చోటు దొరకక చివరకు తన బంగళాకే తెచ్చుకున్నాడు. సేవ చేయడం ఆయనకు రాదు. వంట అంతంత మాత్రమే. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, మలమూత్రాలు ఎత్తడం ఒక్కొక్కటే నేర్చుకున్నాడు.

ఆర్థర్ పుట్టుకతో కతోలికుడు, చాలాకాలంగా గుడికి దూరమైనవాడు. మంచం మీద ఉండగా మళ్లీ దేవద్రవ్యానుమానాలకు దగ్గరయ్యాడు. చెషైర్ చూస్తూ ఉన్నాడు. మూడేళ్ల క్రితం లండనులోని ఒక క్లబ్బులో స్నేహితుల మధ్య, దేవుడంటే మన లోపలి మనస్సాక్షే అని ఆయన తేల్చి చెబితే, ఒక స్త్రీ అడ్డుకుని, కాదు, దేవుడు ఒక వ్యక్తి అని గద్దించిందట. ఆ మాట ఆయనను వదల్లేదు. మేము రెండేళ్లు సెమినరీలో కుస్తీ పట్టిన విషయాన్ని ఆమె ఒక్క ముక్కలో చెప్పింది! ఆ వ్యక్తి ఎవరో చెషైర్‌కు పుస్తకాలలో కాక ఒక పందుల కాపరి మంచం దగ్గర తెలియసాగింది.

ఆగస్టులో ఆర్థర్ చనిపోయాడు. శవం పక్కన కూర్చుని, ఆంగ్లికన్ గురువుగా ఉండి కతోలికుడైన వెర్నన్ జాన్సన్ రాసిన పుస్తకం తెరిచాడు చెషైర్. ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజున ఆయన కతోలిక తిరుసభలో చేరాడు. ఆర్థర్ పోయిన రోజుల్లోనే తొంభై దాటిన ఒక మంచం పట్టిన అవ్వను తీసుకోమని అడిగారు. సరే అన్నాడు. ఆ తరువాత మరొకరు. ఇలాంటి సంస్థ ఒకటి స్థాపించాలని ఆయన ఎప్పుడూ కూర్చుని ఆలోచించలేదు. వచ్చినవాళ్లను పొమ్మనలేదు, అంతే. అంగవైకల్యంతో, నయంకాని జబ్బులతో ఎవరికీ అక్కర లేకుండా పోయినవాళ్లకు అది ఇల్లయింది.

తరువాతి సంగతులు త్వరగా చెబుతాను. 1952లో క్షయ వ్యాధి వచ్చి రెండేళ్లు శానటోరియంలో ఉన్నాడు. పక్కటెముకలు తీసి ఆపరేషన్లు చేశారు. అక్కడ నుండే ఉత్తరాలతో హోంలు నడిపాడు. లేచిన తరువాత మన దేశం వచ్చాడు. 1956లో బొంబాయి అంధేరిలో ఇక్కడి మొదటి హోం, బెత్లెహేం హౌస్, తెరిచారు. 1959 ఏప్రిల్ 5న బొంబాయి కథెడ్రల్‌లోనే, యుద్ధ బాధితుల కోసం జీవితం అర్పించిన స్యూ రైడర్‌ను వివాహమాడాడు. ఆ దంపతులు కుష్ఠురోగుల కోసం, బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం డెహ్రాడూన్‌లో రాఫెల్ అనే ఆశ్రమం పెట్టారు. ఆయన చనిపోయే నాటికి 49 దేశాలలో 270 చెషైర్ హోంలు ఉన్నాయి.

చివరి రోజుల్లో ఆయనకు మోటార్ న్యూరాన్ జబ్బు వచ్చింది. కండరాలను ఒక్కొక్కటిగా చచ్చుబరిచే ఆ జబ్బుతో ఉన్నవాళ్లను ఆయన తన హోంలలో ఎంతోమందిని చూశాడు, కనుక ఏం జరగబోతోందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. చక్రాల కుర్చీలోకి వచ్చాడు. చేతులు పడిపోయాయి. 1948 వేసవిలో లె కోర్ట్ బంగళాలో ఆర్థర్‌కు తాను తడబడుతూ నేర్చుకుని చేసిన పనులు, 1992 వేసవిలో ఇతరులు ఆయనకు చేయవలసి వచ్చింది. చేయించుకున్నాడు.