పత్రికా ప్రపంచపు రాణి – మిరియం లెస్లీ

కాలేజీలో చేరిన కొత్తలో ఎక్కడ ఉంటున్నావని ఎవరైనా అడిగితే హాస్టల్ పేరు చెప్పడానికి మనలో ఎంతమంది తడబడలేదు? తన పుట్టుకను జీవితాంతం దాచుకుంటూనే అమెరికాలో పేరుమోసిన పత్రికాధిపతిగా ఎదిగిన ఒక స్త్రీ కథ ఇది.

మిరియం ఫోలిన్ 1836లో న్యూ ఆర్లియన్స్ నగరంలో జన్మించింది. ఆమె తల్లిదండ్రులకు పెళ్లి కాలేదు. ఆ రోజుల్లో అది తుడిచివేయలేని మచ్చ. ఆమెకు ఆస్తి లేదు కానీ ఫ్రెంచి, స్పానిష్ వంటి భాషలు వచ్చు. 1857లో లోలా మాంటెజ్ అనే ప్రఖ్యాత నర్తకికి చెల్లెలినని చెప్పుకొని, మిన్నీ మాంటెజ్ పేరుతో రంగస్థలం ఎక్కింది. మరుసటి సంవత్సరమే ఒక ఫ్రెంచి నాటకాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది.

తర్వాత న్యూయార్క్‌లో ఫ్రాంక్ లెస్లీ పత్రికా సంస్థలో చేరి స్త్రీల పత్రికలకు సంపాదకురాలైంది. ఫ్రాంక్ లెస్లీ కూడా సొంత పేరు కాదు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆ చిత్రకారుని అసలు పేరు హెన్రీ కార్టర్. 1874లో వారిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఖరీదైన గౌన్లు, వజ్రాల నగలతో ఆమె నగరమంతటికీ ఫ్యాషన్ నేర్పింది. 1877లో రైలులో కాలిఫోర్నియా వరకు ప్రయాణించి, ఆ యాత్రపై పుస్తకం రాసింది. అందులో వర్జీనియా సిటీ అనే ఊరిని చిన్నచూపు చూడగా, ఆ ఊరి పత్రిక 1878లో ఆమె గతాన్ని బయటపెట్టి పగ తీర్చుకుంది.

1880లో భర్త మరణించాడు. ఆయన మిగిల్చినది 3 లక్షల డాలర్ల అప్పు. మిరియం భయపడలేదు. ఒక స్త్రీ వద్ద 50 వేల డాలర్లు అప్పు తెచ్చి సంస్థను నిలబెట్టింది. 1881లో చట్టబద్ధంగా తన పేరునే ఫ్రాంక్ లెస్లీగా మార్చుకుంది. ఆ జూలైలో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగినప్పుడు, ఆమె పత్రిక ఆ ఘటన చిత్రాలను వేగంగా పాఠకులకు అందించింది. అమ్మకాలు పెరిగాయి. అప్పులు తీరాయి.

వృద్ధాప్యంలో తనను తాను బారోనెస్ అని పిలుచుకుంది. 1914లో మరణించినప్పుడు సుమారు 20 లక్షల డాలర్ల ఆస్తిని స్త్రీల ఓటు హక్కు కోసం ఉద్యమ నాయకురాలు క్యారీ చాప్‌మన్ క్యాట్ పేర రాసింది. ఆ వీలునామాపై కోర్టులో దావాలు పడ్డాయి. మిరియం తల్లి బానిస స్త్రీ అని ప్రత్యర్థులు వాదించారు. ఆమె ఎంత దాచినా ఆ ప్రశ్న చావు తర్వాత కూడా వదలలేదు. చివరికి చేతికందిన సొమ్ముతో 1917లో ఉద్యమ ప్రచార సంఘం ఏర్పడింది. 1920లో రాజ్యాంగ సవరణ వచ్చింది. అయితే దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి స్త్రీలలో చాలామందికి ఆ హక్కు నిజంగా దక్కడానికి 1965 చట్టం వరకు ఆగాల్సి వచ్చింది.

సోదర సోదరీమణులారా! ఆమె పట్టుదలను మనం తీసుకుందాం, ఆ దాపరికాన్ని మాత్రం వదిలేద్దాం. ఎంత ఎత్తుకు ఎదిగినా, ఎక్కడి నుంచి వచ్చావని అడిగితే అమ్మానాన్నల పేరు, ఊరి పేరు, ఈ హాస్టల్ పేరు తలెత్తి చెబుదాం.