కాంక్రీటు పండితుడు, కర్షక బాంధవుడు – డా॥ కె. ఎల్. రావు

మనిషి పోయినా ఆయన చేసిన పని నిలుస్తుందంటారు. మిగతావాళ్ల సంగతి ఏమోగాని ఇంజనీర్ల విషయంలో ఇది అక్షరాలా నిజం. మా ఊరు నాగార్జునసాగర్ ఎడమకాలువ కింద ఉంది. మా తాతల కాలంలో జొన్న, ఆముదం తప్ప ఎరగని చెలకల్లో ఇవాళ వరి పండుతున్నదంటే, ఆ అన్నం తిని నేను పట్నం వచ్చి సైన్సు చదువుతున్నానంటే, దాని వెనుక ఉన్న పెద్దల్లో ఒకరు డాక్టర్ కానూరి లక్ష్మణరావుగారు. లోకం ఆయనను కె. ఎల్. రావు అనే ఎరుగును.

ఆయన 1902 జులై 15న కృష్ణాజిల్లా కంకిపాడులో పుట్టారు. తొమ్మిదేళ్ల వయసుకే తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుండగా తగిలిన దెబ్బకు ఒక కంటిచూపు పోయింది. అంతటితో చదువు మానేసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కాని ఆ పిల్లవాడే మద్రాసు వెళ్లి గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివి, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు మాస్టర్స్ డిగ్రీ పొందిన మొదటి విద్యార్థి అయ్యాడు. రంగూన్‌లో పాఠాలు చెప్పారు. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తీసుకున్నారు. అక్కడే కొంతకాలం అధ్యాపకులుగా ఉన్నారు. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు మీద ఇంగ్లీషులో పెద్ద గ్రంథం రాశారు.

ఈ రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు సంగతేమిటో నాకు పుస్తకంలో కంటే నేరేడ్‌మెట్‌లోనే బాగా అర్థమైంది. నేను అద్దెకుండే గదికి ఎదురుగా ఒక ఇల్లు లేచింది. మొదట పిల్లర్ల గుంతలు తవ్వారు. నాలుగడుగులు పోగానే రాయి తగిలింది. గుంతలో అడుగున ఇనుప ఊచల జాలీ పరిచి, ఫుటింగు పోసి, దానిమీద పిల్లర్లు లేపారు. ప్లింత్ బీములు వేశారు. పిల్లర్లు పైకి వచ్చాక సెంట్రింగ్ కొట్టి, దానిమీద ఊచలు పరిచి, రింగులను బైండింగ్ వైరుతో కట్టి, ఒకరోజు తెల్లవారుజామునే స్లాబుకు దిగారు. మిల్లరు తిరుగుతుంటే తట్టలు చేతులు మారుతూ పైకి పోయాయి. వైబ్రేటరు చప్పుడుకు ఆ రోజు నా చదువు సాగలేదు. కిటికీ దగ్గర నిలబడి అదే చూశాను.

కాంక్రీటు బరువును అణచి మోయగలదు, కాని లాగితే తట్టుకోలేదు. దాని లాగుడు బలం అణుపు బలంలో సుమారు పదోవంతే. స్లాబు మీద బరువు పడితే నడుమ కిందికి వంగుతుంది, అడుగుభాగం సాగుతుంది. అందుకే అక్కడ ఊచలు అడుగున ఉండాలి. గోడ బయటికి వచ్చే సజ్జాకు మాత్రం పైభాగం సాగుతుంది గనక ఊచలు పైనే ఉండాలి. పనివాళ్లు తొక్కి ఆ ఊచలను కిందికి దించేశారా, సెంట్రింగ్ తీసిన రోజు సజ్జా కూలినా కూలవచ్చు. ఎండకు ఉక్కూ కాంక్రీటూ ఇంచుమించు ఒకేలా సాగుతాయి. వాటి కాపురం అందుకే నిలిచింది. ఊచలకు తుప్పు పట్టకుండా కింద చిన్న సిమెంటు బిళ్లలు పెట్టి, స్లాబుకు 20 మిల్లీమీటర్లు, పిల్లరుకు 40 మిల్లీమీటర్లు కాంక్రీటు కప్పు ఉంచుతారు.

ఇంత కాంక్రీటు శాస్త్రం తెలిసిన మనిషి స్వదేశానికి వచ్చి ఏం చేశారు? మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా పనిచేశారు. 1950లో ఢిల్లీలో డిజైన్ల డైరెక్టరు అయ్యారు, 1954లో చీఫ్ ఇంజనీరు అయ్యారు. నాగార్జునసాగర్ డిజైన్ చేతికి వచ్చినప్పుడు, కాంక్రీటు ఆనకట్ట కాక రాతికట్టు ఆనకట్టే మేలన్నారు! అప్పట్లో సిమెంటుకు కొరత, ఉక్కుకు కొరత. పెద్ద యంత్రాలు తెప్పించాలంటే విదేశీ మారకం కావాలి. రాయి మాత్రం పక్కనే ఉంది, పని కోసం చూసే చేతులు వేలకు వేలు ఉన్నాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. రాయిమీద రాయి మనుషులు మోసి కట్టిన ఆ గోడ సుమారు 124 మీటర్లు లేచింది. రాతికట్టు ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దదిగా పేరు పొందింది.

ఇది ఒక్కరి ఘనత అనడం న్యాయం కాదు. ప్రాజెక్టు కోసం తిరిగిన ముక్త్యాల రాజా, చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీ, పని చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న కూలీలు, ఊళ్లు మునిగినవాళ్లు – అందరి పాలూ ఇందులో ఉంది. కాలువ చివరి భూములకు నేటికీ నీళ్ల కరువు తప్పడం లేదు. అదీ నిజమే.

రావుగారు 1962, 1967, 1971 ఎన్నికల్లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1963లో నీటిపారుదల, విద్యుత్ మంత్రి అయ్యారు. నెహ్రూ, శాస్త్రి, ఇందిర ముగ్గురి దగ్గరా పనిచేశారు. అదే ఏడు పద్మభూషణ్ వచ్చింది. గంగను కావేరితో కలపాలని ప్రతిపాదించారు. దాని మంచిచెడ్డల మీద వాదం ఇప్పటికీ తెగలేదు. 1986 మే 18న కన్నుమూశారు. పులిచింతల జలాశయానికి ఇప్పుడు ఆయన పేరే.

ఇక మా ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఊళ్లో మా నాయన అప్పు చేసి ఇల్లు కట్టాడు. స్లాబు రోజు మేస్త్రీ మాలు జారుగా ఉంటే పని తొందరగా అవుతుందని నీళ్లు దండిగా పోశాడు. 50 కిలోల బస్తాకు పాతిక నుంచి ముప్ఫై లీటర్లు దాటకూడదని ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. ఎక్కువైన నీరు ఎండిపోయి లోపల సందులు మిగుల్చుతుంది, బలం తీసేస్తుంది. సరే, అది మేస్త్రీ తప్పు. కాని పోసిన తర్వాత కనీసం వారం పది రోజులు స్లాబు తడిగా ఉండాలి. సిమెంటు ఎండి గట్టిపడేది కాదు, నీటితో కలిసి గట్టిపడేది. దాని బలాన్ని 28 రోజులకు గాని లెక్క కట్టరు. మాకు నాట్ల రోజులు. మూడో రోజు తర్వాత ఎవరమూ పైకి ఎక్కలేదు. మడికి గంట ఆలస్యం కాకుండా సాగర్ నీళ్లు పెట్టినవాళ్లం, స్లాబుకు నాలుగు బిందెలు పోయలేకపోయాం. ఇవాళ వాన పడితే మా అమ్మ గిన్నెలు వెతుక్కుంటుంది.

నేరేడ్‌మెట్ ఇంటివాళ్లు స్లాబు మీద మట్టితో చిన్నచిన్న గట్లు కట్టి, మడిలాగా నీళ్లు నిలిపారు. మా నాయనకు రోజూ చేసే పనే అది! ఒక్కరు చెప్పి ఉంటే ఆయన నాకంటే బాగా కట్టేవాడు.

రావుగారి జీవితంలో నాకు తోచింది ఇదే. ఏ చోట ఏది దొరుకుతుందో, ఎవరి చేతుల్లో ఏ నేర్పు ఉందో చూసి, శాస్త్రాన్ని దానికి కలిపారు. మిత్రులారా, ఈ సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఎక్కడైనా స్లాబు పోస్తుంటే కాసేపు నిలబడండి. నీళ్ల సంగతి రెండు ముక్కలు చెప్పండి. మనం చదివిన చదువుకు అది మొదటి పంట.