నేతగాళ్ల పేటకు చేరిన మాత్ర – యల్లాప్రగడ సుబ్బారావు

సోలాపూర్ నగరం తూర్పు భాగంలో తరతరాలుగా తెలుగు పద్మశాలీలు మగ్గాన్నే నమ్ముకుని జీవిస్తున్నారు. మహారాష్ట్రలో బోదకాలు వ్యాధి పాతుకుపోయిన జిల్లాలలో సోలాపూర్ ఒకటి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఈ వ్యాధిని వ్యాపింపజేస్తుంది. కాలు వాస్తే నలుగురికీ కనబడుతుంది; పురుషులకు వచ్చే వరిబీజం మాత్రం పంచె చాటున దాగిపోతుంది. సిగ్గుచేత ఎవరికీ చెప్పుకోలేక, గంటల తరబడి మగ్గం ముందు కూర్చోలేక కుమిలిపోవడమే రోగికి మిగులుతుంది. ఈ వ్యాధికి నోటి ద్వారా తీసుకునే సమర్థమైన మందును కనుగొన్న బృందానికి సారథి తెలుగు బిడ్డ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. స్ప్రూ వ్యాధి ఇద్దరు సోదరులను బలిగొన్నది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అమెరికాకు వెళ్లి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. కండరాల శక్తికి మూలమైన ఏటీపీపై ఆయన చేసిన పరిశోధన 1929లో వెలువడింది. అయినా అక్కడ శాశ్వత పదవి లభించలేదు.

1940లో లెడర్లీ సంస్థలో చేరి, తరువాత పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులు బోదకాలు వ్యాధి బారిన పడ్డారు. 1947లో ఆయన బృందం డైఇథైల్ కార్బమజైన్‌ను, అంటే హెట్రజాన్‌ను, వెలుగులోకి తెచ్చింది. అది రక్తంలోని సూక్ష్మ పురుగులను వేగంగా నిర్మూలిస్తుంది. మరుసటి ఏడాది, 1948 ఆగస్టులో, మాతృభూమిని మళ్లీ చూడకుండానే సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఆయన చూడలేని దృశ్యాన్ని తరువాతి తరం చూసింది. 1994లో బ్రెజిల్ వైద్యులు అల్ట్రాసౌండ్ తెరపై, వృషణకోశపు శోషరస నాళాలలో బతికున్న పెద్ద పురుగులు నిరంతరం మెలికలు తిరగడాన్ని గుర్తించారు. దానికి ఫైలేరియా నాట్యమని పేరు వచ్చింది. ఈ మందు తరువాత కొన్ని పురుగుల కదలిక ఆగిపోవడాన్ని కూడా అదే తెర చూపింది. అయితే ముదిరిన వరిబీజాన్ని మాత్ర కరిగించలేదు. దానికి శస్త్రచికిత్సే మార్గం.

2004లో దేశవ్యాప్తంగా మొదలైన ఇంటింటి పంపిణీలో ఇచ్చినది ఈ మాత్రనే. ఇంటికి వచ్చిన మాత్రను పారవేయక మింగడం, వాపును దాచక వైద్యునికి చూపడం, ఇవే ఆ మహనీయునికి నిజమైన నివాళి.