ఏనుగుల వీరాస్వామయ్య

రాజేంద్రనగరమునకు దక్షిణమున శంషాబాదు కలదు. అచ్చట 2008వ సంవత్సరమున పెద్ద విమానాశ్రయము వెలసినది. ఉదయమున అచ్చట విమానమెక్కినవారు సుమారు రెండు గంటలలో కాశీపట్టణమున దిగి, మధ్యాహ్నమునకు గంగాస్నానము చేయగలుగుచున్నారు. ఈ దక్షిణ దిక్కునుండియే, పాలమూరు సీమ మీదుగా, 1830వ సంవత్సరమున సుమారు నూరుమంది యాత్రికులు హైదరాబాదునకు వచ్చిరి. వారికిని కాశియే గమ్యము. అప్పటికి విమానముల మాట యటుంచి రైలుబండ్లు కూడ మనదేశమున లేవు. మొదటి ప్రయాణికుల రైలు 1853లో గాని నడువలేదు. ఆ నూరుమందికిని పెద్దదిక్కై, వారి మంచిచెడ్డల భారమును వహించి వచ్చినవాడు ఏనుగుల వీరాస్వామయ్య.

వీరాస్వామయ్య 1780 ప్రాంతమున చెన్నపట్టణమున జన్మించెను. తండ్రి పేరు సామయమంత్రి. తొమ్మిదవయేటనే తండ్రి గతించుటచే ఆ బాలునకు చదువొక్కటే ఆధారమయ్యెను. పండ్రెండేండ్లు నిండునప్పటికే అతడు ఇంగ్లీషును ధారాళముగా చదువ నేర్చెను. చిన్నతనముననే కుంపిణీవారి కచేరీలో పనికి కుదిరి, క్రమక్రమముగా పైకి వచ్చి, చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగమును పొందెను. ఒక భాషలో చెప్పిన సాక్ష్యమును మరియొక భాషలో, ఎక్కువ తక్కువలు లేకుండ, న్యాయాధిపతులకు విన్పించుట ఆ ఉద్యోగపు ధర్మము. ఒక్కమాట తప్పినచో ఒకని ఆస్తికో ప్రాణమునకో ముప్పు వాటిల్లవచ్చును. కన్నదానిని కన్నట్లు, విన్నదానిని విన్నట్లు చెప్పు అలవాటు ఆయనకు అచ్చటనే పట్టుబడినది.

ఏబది యేండ్ల వయసున ఆయనకు కాశీయాత్ర చేయవలెనని సంకల్పము కలిగెను. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని జనులు తలంచు కాలమది. ఒంటరిగా పోయినచో తన ప్రాణమునకే భయము. ఆయన వెంట బంధువులును, స్త్రీలును, పరిచారకులును, పల్లకీలు మోయు బోయీలును, సామానులు మోయువారును కలరు. వారందరి తిండికి, నిద్రకు, ఆరోగ్యమునకు ఆయనయే బాధ్యుడు. ఆయన సెలవు పొంది, 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేరెను.

తిరుపతి, అహోబిలములను సేవించి ఆ సమూహము నల్లమల అడవులలో ప్రవేశించినది. ఆత్మకూరు దాటిన పిమ్మట శ్రీశైలము వరకు దట్టమైన అరణ్యమే. త్రోవ చూపుటకు, కాపు కాయుటకు చెంచులే దిక్కు. ఆ సీమ అప్పుడు కందనూరు నవాబు ఏలుబడిలో నుండెను. దేవుని దర్శించుటకు వచ్చినవారినుండి నవాబు సుంకము గైకొనుచుండెను. త్రోవలో సౌకర్యములు మాత్రము స్వల్పము. ఈ సంగతులను వీరాస్వామయ్య విడువక వ్రాసికొనెను.

ఆ దినములలో ప్రయాణమనగా నడక, మోత, నిరీక్షణము. సాధారణముగా దినమునకు పదిపండ్రెండు మైళ్ళు సాగుటయే గొప్ప. దక్కను నదులకు వంతెనలు అరుదు. వెదురుతో అల్లి తోలు కప్పిన పుట్టులలో మనుష్యులను, సామానులను కొంచెము కొంచెముగా ఆవలి ఒడ్డునకు చేర్చవలెను. ఏరు పొంగినచో తీయువరకు గట్టున కూర్చుండవలసినదే. ఒక్కొక్క ప్రభుత్వపు హద్దు దాటినప్పుడెల్ల సుంకపుచౌకీలు ఎదురగును. ఒకచోట చెల్లిన రూపాయి మరియొకచోట వట్టముతో గాని చెల్లదు. దేశమంతటికి ఒకే విధమైన కుంపిణీ రూపాయి 1835లో గాని రాలేదు. కావున యాత్రికుడు చేతిలోని సొమ్మును ఎంతో పొదుపుగా, లెక్కగా వాడుకొనవలెను.

కృష్ణ దాటి, పాలమూరు సీమ గడచి ఆ యాత్రికులు హైదరాబాదు చేరిరి. అప్పుడు నాసిరుద్దౌలా నిజాముగా నుండెను. వీరాస్వామయ్య చార్మినారును, మక్కామసీదును, హుస్సేనుసాగరమును, మూసీయొడ్డున గల రెసిడెంటుగారి భవనమును కనెను. నగరపు వైభవమును మెచ్చుకొనెను. అయితే వీధులలో ఆయుధములు ధరించి తిరుగువారి దౌర్జన్యమును, సామాన్యునకు రక్షణ లేకపోవుటను చూచి నొచ్చుకొనెను. అందమును చూచి అన్యాయమును మరచుట గాని, అన్యాయమును చూచి అందమును కాదనుట గాని ఆయన స్వభావము కాదు.

హైదరాబాదునుండి ఉత్తరముగా నిర్మల మీదుగా, భోంసలేల రాజధానియైన నాగపురమునకు, అచ్చటినుండి జబ్బలపురమునకు వారు సాగిపోయిరి. వానకాలము వచ్చినది. నల్లరేగడి నేలలలో బురద మోకాళ్ళ వరకు దిగుచుండెను. అంతకంటె పెద్ద భయము మరియొకటి కలదు. యాత్రికులవలె నటించి స్నేహము కలిపి, ఉరి బిగించి చంపి దోచుకొను థగ్గుల ముఠాలు మధ్యదేశమున సంచరించుచుండెను. ఆ కాలముననే స్లీమన్ అను ఆంగ్లేయోద్యోగి జబ్బలపురము, సాగరు ప్రాంతములలో వారిని పట్టి శిక్షించు పనికి పూనుకొనెను. దీనికి తోడు 1817 మొదలు దేశమంతట వ్యాపించిన వాంతిభేది ఏ మజిలీలో ఎదురగునో ఎవరికిని తెలియదు. ఇట్టి దినములలో ఏ నీరు త్రాగవలెను, ఎచ్చట గుడారము వేయవలెను, ఎవరిని నమ్మవలెను అనుట చిన్న ప్రశ్నలు కావు. పెద్దవాడు పొరబడినచో నూరుమంది చిక్కుకొందురు.

ప్రయాగ, కాశి, గయలను సేవించి, యాత్రికులు కలకత్తా చేరిరి. పిదప పూరీ జగన్నాథమును దర్శించి, గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, బందరు, నెల్లూరు మీదుగా తూర్పుతీరము వెంబడి దిగివచ్చిరి. 1831 సెప్టెంబరు 3వ తేదీన వీరాస్వామయ్య తిరిగి చెన్నపట్టణము ప్రవేశించెను. యాత్రకు పదునైదు మాసములు పైబడెను.

ఇంతవరకు చేసినవారు ఆయనకు ముందును పెక్కుమంది కలరు. వారి యాత్ర వారితోనే ముగిసినది. వీరాస్వామయ్య చేసిన విశేషమేమనగా, అలసివచ్చిన ప్రతి మజిలీలోను కలము చేత పట్టుట. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళె ఆయనకు ప్రాణమిత్రుడు. ఆ మిత్రునికై ఆయన యాత్రావిశేషములను ఎప్పటికప్పుడు తెలుగున వ్రాసెను. ఊరికి ఊరికి ఎంత దూరము, బాట ఇసుకయా రాయియా, నీరు మంచిదా, అంగళ్ళు కలవా, దిగుటకు చోటు దొరకునా, బోయీలకు, పడవవాండ్రకు ఏమి ఈయవలెను అను సంగతులెల్ల అందు గలవు. దేవాలయముల ఆచారములు, ప్రజల భాషలు, పంటలు, ప్రభువుల పాలన కూడ అందు చేరినవి. తన వెనుక రాబోవు పేరెరుగని బాటసారికి ఆయన ముందుగానే త్రోవ చెప్పెను.

ఆయన 1835లో ఉద్యోగము చాలించి, 1836 అక్టోబరు 3వ తేదీన పరమపదించెను. తన వ్రాతను పుస్తకరూపమున చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. అయినను మిత్రుడు మరువలేదు. శ్రీనివాసపిళ్ళె 1838లో దానిని కాశీయాత్రా చరిత్ర యను పేర అచ్చువేయించెను. 1941లో దిగవల్లి వేంకటశివరావు దానిని పరిష్కరించి మరల ప్రకటించెను. తెలుగున వెలువడిన తొలి యాత్రాగ్రంథముగా అది ప్రసిద్ధికెక్కినది. నాటి దేశస్థితిని తెలిసికొనగోరు చరిత్రకారులు నేటికిని దానిని తెరచి చూచుచున్నారు.

బాలలారా! మీరు చూచు చోట్లు ఆయన చూచినవాటికంటె దూరమైనవి కావచ్చును. పోయివచ్చిన పిదప, మీ వెనుక వచ్చువానికి ఉపయోగపడు నాలుగు మాటలను ఉన్నదున్నట్లు వ్రాసి యుంచుడు. బోయీలు నడచిన ఆ బాటలు చాలవరకు చెరిగిపోయినవి. వీరాస్వామయ్య వ్రాసినది నిలిచియున్నది.