పుట్టిన మొదటి నిమిషం

కాన్పు తరువాత ఆసుపత్రి వారు ఇచ్చే కాగితాల్లో అప్గార్ అన్న మాట, దాని పక్కన పదికి ఇన్ని అన్న అంకె తరచు కనిపిస్తాయి. అది ఒక వైద్యురాలి ఇంటిపేరని మనలో చాలామందికి తెలియదు. ఆమెను ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం.

వర్జీనియా అప్గార్ 1909లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, వెస్ట్‌ఫీల్డ్‌లో జన్మించారు. ఆమె సోదరుడొకరు చిన్నతనంలోనే క్షయతో చనిపోయారు. 1933లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య ముగించారు. సర్జన్ కావాలన్నది ఆమె ఆశ. ఆ రంగంలో స్త్రీ నిలదొక్కుకోవడం కష్టమని గురువు అలెన్ విప్పుల్ ఆమెను మత్తువైద్యం వైపు మళ్లించారు. 1938లో కొలంబియాలో ఆ విభాగాన్ని ఆమెకు అప్పగించారు. పదకొండేళ్లు దాన్ని పెంచి పెద్దచేశారు. 1949లో అది స్వతంత్ర శాఖ అయినప్పుడు అధిపతి పదవి ఒక పురుషునికి దక్కింది. ఆమె అక్కడి వైద్య కళాశాలలో పూర్తిస్థాయి ప్రొఫెసర్ అయిన తొలి మహిళగా నిలిచి, తన దృష్టిని కాన్పు గది మీద పెట్టారు.

ఆ రోజుల్లో కాన్పు గదిలో అందరి కళ్లూ తల్లి మీదే ఉండేవి. నీలిరంగుతో, ఏడుపు లేకుండా పుట్టిన బిడ్డ ఇక బతకదని పక్కన పెట్టేసిన సందర్భాలున్నాయి. అప్గార్ అయిదు సంగతులు చూడమన్నారు: గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే కలిగే స్పందన, ఒంటి రంగు. ఒక్కొక్కదానికి సున్నా, ఒకటి లేదా రెండు మార్కులు. పుట్టిన నిమిషానికి లెక్క వేయాలి. తరువాత అయిదో నిమిషంలోనూ చూడటం వాడుకలోకి వచ్చింది. ఈ పద్ధతి 1953లో అచ్చయింది. కాన్పు చేసిన వారు కాక వేరొకరు మార్కులు వేయాలని ఆమె కోరారు. మార్కు తక్కువైతే ఆ క్షణమే ఊపిరి అందించే ప్రయత్నం మొదలయ్యేది.

ఆ లెక్కే ఒకనాడు ఆమె చేతిపనిని పరీక్షించింది. సైక్లోప్రొపేన్ అనే మత్తువాయువు ఆమెకు ఎంతో ఇష్టమైనది. దాన్ని తీసుకున్న తల్లుల బిడ్డలు మందకొడిగా పుడుతున్నారని తోటి వైద్యులతో కలిసి చేసిన పరిశీలనలో తేలింది. కాన్పులలో దాన్ని వాడటం ఆమె మానేశారు.

1959లో, యాభయ్యో ఏట, ప్రజారోగ్యంలో మరో పట్టా పొంది, పుట్టుకతో వచ్చే లోపాల నివారణకై మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థలో చేరారు. 1974లో కన్నుమూసే వరకు ఆ పనిలోనే ఉన్నారు.

మన ఇళ్లలో బిడ్డ పుట్టగానే అడిగే మొదటి ప్రశ్న, ఆడా మగా అని. అప్గార్ అయిదింటిలో ఆ ప్రశ్న లేదు. ప్రియ పాఠకులారా, మన సంఘంలో ఎవరింటనైనా కాన్పు దగ్గరపడితే ఆసుపత్రిలో ముందుగానే ఒక మాట అడుగుదాం: ఆ మొదటి నిమిషంలో బిడ్డను చూసుకోవడానికి విడిగా ఎవరుంటారు?