మాంగా చదవడం నేర్చుకోవాలా? అయితే ఈ డాక్టర్ కథ తెలియాల్సిందే!

మోత్కూర్: పుస్తకం మన లెక్కలో చివరి పేజీ నుంచి తెరవాలి. గడులు కుడి నుంచి ఎడమకు, పైనుంచి కిందికి చూసుకుంటూ పోవాలి. జపాన్ మాంగా తొలిసారి పట్టుకున్నవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఈ బొమ్మల కథలకు ఇప్పుడున్న రూపం రావడంలో పెద్ద చేయి ఒసాము తెజుకాది. ఆయన జీవితం చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుస్తుంది.

1928 నవంబర్ 3న ఒసాకా దగ్గర్లోని తొయొనాకాలో పుట్టారు తెజుకా. పెరిగింది తకరజుకాలో. చిన్నప్పుడు పురుగులంటే పిచ్చి.. ఎంతంటే తన పేరులో పురుగు అనే అర్థమిచ్చే అక్షరం చేర్చుకునేంత! 1945లో ఒసాకాపై బాంబులు పడ్డప్పుడు ఫ్యాక్టరీ పనిలో ఉన్న ఈ కుర్రాడు కొద్దిలో బతికి బయటపడ్డారు.

1946లో పిల్లల పేపర్లో మొదట అచ్చయింది నాలుగు గడుల చిన్న స్ట్రిప్. కొత్తగా నేర్చుకునేవాళ్లకూ ఇదే సరైన మెట్టు. నాలుగు గడులు, ఒక జోక్, అంతే. దానికి ముందు హిరగానా, కతకానా రావాలి. ఒక్కోదాంట్లో మూల అక్షరాలు 46. గుణింతాలు, ఒత్తులు దాటొచ్చిన మనకు ఇదో లెక్కా! కంజి మాత్రం వేలల్లో ఉంటుంది. అయితే పిల్లల మాంగాలో కంజి పక్కనే చిన్న సైజులో హిరగానా ఉంటుంది. దాన్నే ఫురిగానా అంటారు. మొదట అలాంటి పుస్తకమే ఎంచుకోవాలి. ఇంకో మంచి విషయం.. వాక్యం కూడా మనలాగే క్రియతోనే ముగుస్తుంది. వతషి వ మిజు ఒ నొము అంటే నేను నీళ్లు తాగుతాను. వరస కూడా అదే.

తెజుకా మెడిసిన్ చదువుతూనే బొమ్మలు వేశారు. డాక్టర్ లైసెన్స్ వచ్చినా పెన్ను వదల్లేదు. 1952లో ఆస్ట్రో బాయ్ మొదలైంది. 1963లో అది టీవీకెక్కింది. 1972 నుంచి 1983 దాకా బుద్ధుడి కథ గీశారు. పక్క జిల్లాలోని ఫణిగిరి స్తూపం చూసినవాళ్లకు ఇది దగ్గరి కథే. ఇంగ్లిష్‌లోనూ దొరుకుతుంది కాబట్టి, ముందు అది చదివి తర్వాత జపనీస్ పట్టుకుంటే కథ తెలిసే ఉంటుంది, భాష మీదే దృష్టి పెట్టొచ్చు.

అంతా సాఫీగా సాగలేదు. 1961లో పెట్టిన ముషి ప్రొడక్షన్ 1973లో దివాలా తీసింది. కొత్త కుర్రాళ్లు వచ్చేశారు, తెజుకా పని అయిపోయిందన్న మాటలు మొదలయ్యాయి. సరిగ్గా అదే ఏడాది బ్లాక్ జాక్ వచ్చింది. లైసెన్స్ లేని సర్జన్ కథ. నిజం డాక్టర్ చేతి నుంచి వచ్చింది కదా, జనం ఎగబడ్డారు.

మొత్తం గీసిన పేజీలు దాదాపు 1,50,000. కడుపు క్యాన్సర్‌తో ఆస్పత్రిలో ఉన్నా పని ఆపలేదు. 1989 ఫిబ్రవరి 9న, 60 ఏళ్లకే కన్నుమూశారు. నియో ఫౌస్ట్ సహా మూడు మాంగాలు సగంలోనే ఆగిపోయాయి.