వందేళ్ల పండగకు సీతంపేట శుభాకాంక్షలు

చింతపండు, జీడిపిక్కలు, కొండచీపుర్లు సంతకు దిగే రోజులివి. సీతంపేట వారపు సంతలో కాసేపు నిలబడితే రెండు భాషలు చెవిన పడతాయి. షావుకారుతో బేరం తెలుగులో సాగుతుంది. ఆ ధరకు ఇచ్చేయాలా, గంప ఎత్తుకుని పక్క కొట్టుకు పోవాలా అన్న తర్జనభర్జన మాత్రం సవరలో. ఆ రెండో భాష నేర్చుకుని అందులో వాచకాలు రాసిన ఒక పంతులుగారిని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పిలిచి కళాప్రపూర్ణను చేసింది. 1926 ఏప్రిల్ 26న పుట్టి, ఈ ఏప్రిల్‌తో నూరేళ్లు నిండిన ఆ విద్యాలయానికి కొండ మీద నుంచి మేం చెప్పే అభినందన ఆ సత్కారంతోనే మొదలుపెడతాం.

గిడుగు వెంకట రామమూర్తి పంతులు పుట్టింది 1863 ఆగస్టు 29న, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు, తర్వాత అక్కడి కళాశాలలో పాఠాలు చెప్పారు. లోకానికి ఆయన వాడుక భాష కోసం పండితుల మీద పడ్డ పిడుగు. మాకు మాత్రం సవర నేర్చుకున్న పంతులు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని, ఒక్కో మాటా అడిగి అడిగి నేర్చుకున్నారు. సవర మాటల్లో గొంతులోనే టక్కున ఆగిపోయే శబ్దం ఒకటుంది. మన యాభయ్యారు అక్షరాల్లో దానికి చోటు లేదు. పుస్తకం చూస్తే అది పట్టుబడదు. ఎదుటివాడి నోటి వెంట విని, తప్పుగా పలికి, వాళ్లు నవ్వితే తానూ నవ్వి, మళ్లీ పలకాలి. బెత్తం పట్టుకునే వయసులో, హోదాలో అలా శిష్యరికం చేయడానికి ఎంతమంది ఒప్పుకుంటారు?

మన్యంలో తిరిగి చలిజ్వరం తెచ్చుకున్నారు. దానికి క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఏ చెవులతో సవర పట్టుకున్నారో ఆ చెవులే ఆయనకు లేకుండా పోయాయి. పని మాత్రం ఆగలేదు. ఆయన సవర పుస్తకాలను మద్రాసు ప్రభుత్వం 1911లో అచ్చు వేసింది. పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే బడి పెట్టమన్నారని చెప్పుకుంటారు. తర్వాత 1931లో సవర వ్యాకరణం వచ్చింది, ఆపైన నిఘంటువు.

1913లో రావుసాహెబు బిరుదు, అటు తర్వాత కైజర్-ఇ-హింద్ పతకం దొరతనం ఇచ్చినవి. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోయినప్పుడు, ఉన్న ఊరు వదిలి రాజమండ్రి చేరారు. ఆ తర్వాత రెండేళ్లకు, 1938లో విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ ఇచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్భై అయిదు. పాఠం చెప్పేవాళ్లు పాఠం చెప్పేవాణ్ణి గుర్తించిన సత్కారం కనుక, మా లెక్కలో ఆ మూడింటిలో ఇదే పెద్దది.

ఆ వరస అక్కడితో తెగిపోలేదు. అదే విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పిన ఆచార్య సత్తుపాటి ప్రసన్నశ్రీ గిరిజన భాషలకు లిపులు రూపొందించారు. 2021 సంవత్సరపు నారీశక్తి పురస్కారం 2022 మార్చి 8న రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నారు. సవరకు కొత్త లిపి కావాలా, తెలుగు అక్షరాలు చాలవా, 1936లో మంగై గొమాంగో చేసిన లిపి ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. ఆ వాదన ఇప్పట్లో తెగేది కాదు. ఏదేమైనా, మూలనున్న భాషను విశ్వవిద్యాలయం గడప లోపలికి తెచ్చినందుకు ఆమెకు మా దండాలు.

మంచి అధ్యాపకుణ్ణి పసిగట్టడం తేలిక కాదు. అచ్చయిన పరిశోధన పత్రాలను లెక్కపెట్టొచ్చు. తరగతిలో చివరి బల్ల మీద కూర్చున్న పిల్లవాడు మొదటిసారి నోరు విప్పి ప్రశ్న అడిగిన రోజును ఏ కాగితంలో చూపిస్తారు? జాతీయ ఉపాధ్యాయ పురస్కారాల్లో ఉన్నత విద్య బోధకులకు చోటు దొరికిందే 2023లో. ఆ ఏడు పదమూడు మందికి ఇచ్చారు. ఉపాధ్యాయ దినోత్సవం ఎవరి పుట్టినరోజో, ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా వాల్తేరు కొండ మీది ఈ విశ్వవిద్యాలయానికే ఉపకులపతిగా కూర్చున్నవారే. ఆయనకు ముందూ వెనకా ఆ కుర్చీలో ఉన్నది కట్టమంచి రామలింగారెడ్డి. ఇలాంటి పెద్దలు నడిపిన విద్యాలయం కాబట్టే ఇంకాస్త చొరవగా అడుగుతున్నాం.

సీతంపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు గూడెం నుంచి వచ్చే పిల్లల్లో ఇంట్లో మొదట పట్టా చూసేవాళ్లుంటారు. సవరలో ఆలోచించి, తెలుగులో అడిగి, ఇంగ్లీషులో పరీక్ష రాస్తారు. ఇలాంటి పిల్లలకు ఈ మూడు భాషల మధ్య దారి వేసే అధ్యాపకుల పేరు మీద ఏటా ఒక బోధన పురస్కారం పెట్టండి. దానికి గిడుగు పేరు పెట్టండి. పేర్లు సూచించే హక్కు పాత విద్యార్థులకు ఇవ్వండి. శాలువా, జ్ఞాపిక మీ ఇష్టం. వేదిక మాత్రం వాల్తేరులో వద్దు. ఆగస్టు 29న సీతంపేటకు రండి. సవరలో ఒక్క మాటైనా నేర్చుకుని రండి, పలకడం తప్పితే మేం సరిదిద్దుతాం.